మేలైన పంటకు జనకుల ఎంపిక

విత్తు ఒకటి నాటితే చెట్టు ఒకటి మొలుచునా అన్నారు మన పెద్దలు. అది సత్యమే. కాని మేలైన రెండు వంగడాలను కలిపినంత మాత్రాన మేలైన సంతానం కలుగుతుందన్న నిశ్చయం లేదు. చేలో నిండుగా కాచిన మొక్క సంతానంలో వెలవెలబోవచ్చును. సామాన్యంగా కనిపించిన మొక్కయే తగిన జత దొరికినప్పుడు గొప్ప సంతానాన్ని ఇవ్వవచ్చును. ఇతర వంగడాలతో కలిసినప్పుడు మంచి సంతానాన్నివ్వగల ఈ శక్తికే సంయోజన సామర్థ్యమని పేరు. పత్తి, మిరప పైర్లే జీవనాధారమైన గుంటూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు దీనిని తెలిసికొనుట ఎంతైనా అవసరం.

1942లో స్ప్రేగ్, టేటమ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞులు మొక్కజొన్నపై పరిశోధన చేసి ఈ సామర్థ్యాన్ని రెండు విధాలుగా విభజించారు. ఒక వంగడం అనేక వంగడాలతో కలిసినప్పుడు సగటున చూపే శక్తి సాధారణ సామర్థ్యం. ఒకానొక జతలో మాత్రమే, ఆ సగటును బట్టి ఊహించినదానికి భిన్నంగా వెల్లడయ్యే శక్తి విశిష్ట సామర్థ్యం.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకొందాము. క, ఖ అను రెండు మిరప వంగడాలను చ, జ అను మరి రెండింటితో సంకరపరిచామనుకొందాము. ఎకరానికి ఎండుమిరప దిగుబడి క–చ జతలో 20 క్వింటాళ్లు, క–జలో 22, ఖ–చలో 14, ఖ–జలో 24. మొత్తం సగటు 20. క సంతానపు సగటు 21, ఖ సంతానపు సగటు 19. కనుక సాధారణ సామర్థ్యంలో క మిన్న. జ సంతానపు సగటు 23 కాగా, చ సంతానపు సగటు 17 మాత్రమే. ఈ లెక్కన క–జ 24, ఖ–జ 22 క్వింటాళ్లు ఇవ్వవలసి ఉన్నది. కాని ఫలితం తారుమారైనది. సగటున వెనుకబడిన ఖ వంగడమే జతోడి కలయికలో అందరినీ మించినది. ఆ అదనపు 2 క్వింటాళ్లే విశిష్ట సామర్థ్యం.

ఈ భేదం కేవలం గణితం కాదు. రైతు సంచికి సంబంధించిన విషయం. సాధారణ సామర్థ్యం ప్రధానంగా ఒకదానికొకటి తోడై కూడుకొనే జన్యు ప్రభావాల ఫలితం. అట్టి గుణాలను తరతరాలుగా ఎంపిక చేసి, స్థిరమైన రకంగా రూపొందించవచ్చును. లాం ఫారం అందించిన జి–4, ఎల్‌సిఎ 334 మిరపలు స్థిరమైన రకాలే. ఇతర రకాల పుప్పొడి సోకకుండా కాపాడుకొన్నచో రైతు వాటి విత్తనాన్ని తానే దాచుకొనవచ్చును. విశిష్ట సామర్థ్యం జన్యువుల పరస్పర చర్యపై ఆధారపడినది. అది మొదటి తరంలోనే పూర్ణంగా ప్రకాశిస్తుంది. రెండవ తరంలో గుణాలు చెదరి, మొక్కలు ఒక తీరున ఉండవు. అందువల్ల సంకర విత్తనాన్ని ఏటేటా కొనక తప్పదు.

ఈ సామర్థ్యాన్ని కనుగొనుటకు సంకరణం తప్ప వేరు మార్గం లేదు. పత్తిలో మరునాడు విచ్చుకోబోయే మొగ్గ నుండి సాయంకాలం కేసరాలను తొలగించి, ఉదయం వేరొక మొక్క పుప్పొడిని అద్దుతారు. పది వంగడాలను అన్ని జతలుగా కలిపితే 45 సంకరాలు అవుతాయి. వాటిని పలు చోట్ల సాగుచేసి చూడవలసి ఉన్నది. శ్రమ ఎక్కువే, కాని ఫలితమూ గొప్పదే. 1970లో సూరత్‌లో డాక్టర్ సి. టి. పటేల్ గుజరాత్ 67, అమెరికన్ నెక్టరీలెస్ వంగడాల కలయికతో హెచ్–4 పత్తిని రూపొందించారు. వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి ప్రపంచంలో అదియే. 1972లో ధార్వాడలో కటార్కి రెండు భిన్న జాతుల పత్తులను కలిపి వరలక్ష్మిని సాధించారు.

అయితే దిగుబడి ఒక్కటే ప్రమాణం కారాదు. 1980ల నడుమ తెల్లదోమ మన పత్తి చేలను ముంచెత్తినది. అప్పుల పాలైన రైతులు కొందరు 1987–88లో ప్రాణాలు తీసుకొన్నారు. అటుపిమ్మట తెల్లదోమను తట్టుకొనే ఎల్‌కె 861, కాంచన వంటి రకాలకు ప్రాముఖ్యం వచ్చినది. 2021లో నల్ల తామర పురుగు మిరపను అదే విధంగా దెబ్బతీసినది. కనుక జనకులను ఎన్నుకొనేటప్పుడు దిగుబడితోపాటు తెగులును, పురుగును తట్టుకొనే శక్తి, దారపు నాణ్యత, కాయ రంగు, కారం అన్నింటి సామర్థ్యాన్నీ వేర్వేరుగా పరీక్షింపవలెను. ఒక గుణంలో దిట్టయైన వంగడం మరొక గుణంలో దుర్బలం కావచ్చును.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు రైతు బిడ్డలు. ఇంటికి విత్తనపు పొట్లం వచ్చినప్పుడు పైనున్న బొమ్మను చూచి మురిసిపోవద్దు. అది స్థిరమైన రకమా, సంకరమా? ఏ తెగులును తట్టుకొంటుంది? మన నేలలో పరీక్షింపబడినదా? ఈ మూడు ప్రశ్నలు అడిగి, సమాధానాన్ని ఇంటిలోని పెద్దలకు వివరింపుడు. మీ చదువుకు అంతకు మించిన సార్థకత ఏమున్నది?