గూడు జారిన పిట్ట

పక్షిపై జాలి మన కవిత్వమునకు పుట్టినిల్లు. బోయవాని బాణమునకు నేలగూలిన క్రౌంచమును చూచి వాల్మీకి హృదయము ద్రవించినది. ఆ శోకమే శ్లోకమైనదని పెద్దలు చెప్పుదురు. గాయపడిన హంసను ఒడిలోనికి తీసికొని, సేవచేసి, కోలుకొన్న పిదప ఆకాశమునకు విడిచిపెట్టిన సిద్ధార్థుని కథ చిన్న తరగతులలో చదువుకొనని బాలుడు లేడు. అయితే ఆ కథలో మనకు జ్ఞాపకముండునది దేవదత్తునితో వచ్చిన తగవు మాత్రమే. హంస ఎవరిదన్న తగవు తీరినది. హంసను ఎట్లు బ్రతికించెనన్న ప్రశ్న ఎవరును అడుగరు.

ఆ ప్రశ్న ఏటేట మన పాఠశాలల ఆవరణలలో ఎదురగుచునే ఉన్నది. వసారా చూరులోని గూటినుండి పిచ్చుకపిల్ల జారిపడును. బాలబాలికలు చుట్టును మూగుదురు. ఒకడు దానిని దోసిట నెత్తుకొనును. ఒకతె సీసామూతతో నీరు పట్టును. మరియొకడు మధ్యాహ్న భోజనపు పళ్లెమునుండి పాలన్నపు మెతుకో, పెరుగన్నపు మెతుకో తెచ్చి నోట కుక్కును. తెల్లవారుసరికి ఆ పిల్ల చనిపోవును. దానిని చంపినది నిర్దయ కాదు; తెలియని దయ.

కావున చేయి చాచుటకు ముందు కన్ను తెరచి చూడవలెను. ఒడలెల్ల ఈకలు మొలచి, పొట్టితోకతో నేలపై గెంతుచున్న పిల్ల పడినది కాదు, దిగినది. పిచ్చుకపిల్ల గ్రుడ్డునుండి వెలువడిన రెండు వారములకు గూడు విడుచును. ఎగురుట చక్కగా నేర్చువరకు, మరి కొన్ని దినములు తల్లిదండ్రులు నేలమీదనే దానికి మేత అందించును. దానిని ఇంటికి తీసికొనిపోవుట రక్షణ కాదు, అపహరణము. పిల్లినుండి, కుక్కనుండి దూరముగా దగ్గరి పొదపై నుంచి, మనము తొలగిపోవుటయే మేలు.

ఈకలు లేక, కన్నులు విప్పక, ఎఱ్ఱని మాంసపు ముద్దవలె ఉన్న పిల్ల నిజముగా ఆపదలో ఉన్నది. దానికి తొలి చికిత్స తన గూడే. మనుష్యుడు ముట్టిన పిల్లను తల్లి చేరనీయదని మన ఊళ్లలో ఒక నమ్మకమున్నది. అది నిజము కాదు. మన చేతివాసన సోకినదని పిచ్చుకలు తమ సంతానమును త్యజింపవు. గూడు చెదరిపోయినచో ఒక చిన్న బుట్టలో ఎండుగడ్డి పరచి, పాత గూటికి దగ్గరగా నీడపట్టున కట్టి, అందు పిల్లనుంచి, దూరమునుండి గంటో రెండు గంటలో గమనింపవలెను. తల్లి వచ్చినచో మన పని ముగిసినట్లే.

తల్లి రానిచో, లేక పిల్ల గాయపడినచో, అప్పుడే మన సేవ అవసరము. అందులోను మొదట వెచ్చదనము, పిదప ఆహారము. చలితో బిగిసిన పిల్లకు పెట్టిన మేత అరగదు. గాలి రంధ్రములు చేసిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, గోరువెచ్చని నీటి సీసాకు బట్టచుట్టి ప్రక్కనుంచి, చీకటిగా, నిశ్శబ్దముగా ఉన్నచోట పెట్టవలెను. నోట నీరు పోయనే రాదు. పక్షికి నాలుక మొదటనే ఊపిరి గొట్టపు ద్వారమున్నది. మనము పోసిన నీరు అందుండి ఊపిరితిత్తులలో ప్రవేశించి ప్రాణము తీయును.

ఇక మేత. పిచ్చుక గింజలు తినునని అందరికి తెలియును. మన పల్లెలలో కోతలైన పిదప వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరునకును, దేవాలయ మండపములలోను వ్రేలాడగట్టుట పిచ్చుకల కొఱకే. కాని ఆ పిచ్చుకయే తన పసిపిల్లకు మొదటి దినములలో గింజ పెట్టదు. పురుగును వెదకి తెచ్చి పెట్టును. కారణము లెక్కలో తెలియును. అప్పుడే పుట్టిన పిచ్చుకపిల్ల బరువు సుమారు 2 గ్రాములు. రెండు వారములలో అది 20 గ్రాములు దాటును. 3 కిలోల శిశువు పక్షము రోజులలో 30 కిలోలైనట్లు! అట్టి పెరుగుదలకు మాంసకృత్తులు కావలెను గాని పిండిపదార్థములు చాలవు. అన్నపు మెతుకు పొట్ట నింపును, ఒడలిని పెంచదు.

పాలు మరింత హానికరము. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి పక్షికి లేదు. పావురము తన పిల్లలకు ‘పాలు’ ఇచ్చునను మాట నిజమే. అది ఆడ మగ పావురములు రెండింటి మెడసంచులలోను ఊరు గట్టి పదార్థము. పేరు పాలదే గాని వస్తువు వేరు.

వైద్యుని చేరువరకు పిచ్చుకపిల్లను నిలుపుటకు ఉడికించిన కోడిగ్రుడ్డును మెత్తగా నలిపి, కొద్దిగా తడిచేసి, మొద్దుకొన గల పుల్లతో, పిల్ల తానై నోరు తెరచినపుడు, మినపగింజంత చొప్పున పెట్టవచ్చును. సూర్యోదయమునుండి అస్తమయము వరకు అరగంట కొకమారు పెట్టవలెను, రాత్రి పనిలేదు. మెడ ప్రక్కనున్న సంచి నిండగానే ఆపవలెను. ఒక్క దినము ఈ పని చేసిన బాలునకు తల్లిపిచ్చుక శ్రమ ఎట్టిదో పుస్తకము చెప్పనక్కరలేదు. అయినను ఈ మేత అన్ని పక్షులకు తగదు. పావురపుపిల్ల నోరు తెరవదు. తల్లి నోటిలో తన ముక్కు దూర్చి గ్రహించును. గ్రద్దకు మాంసమే కావలెను. అందుచే ఏ జాతియో గుర్తించి, పశువైద్యునకో, అటవీశాఖవారికో అప్పగించుట ఉత్తమము.

సంక్రాంతి దినములలో గాలిపటపు దారము చుట్టుకొని రెక్కలు తెగిన పక్షులను చూచుచున్నాము. నైలాను మాంజా దారమును జాతీయ హరిత ధర్మాసనము 2017లో దేశమంతట నిషేధించినది. చిక్కిన దారమును లాగరాదు. పక్షి రెక్కలను గుడ్డతో ఒడిసి పట్టి, రెండువైపుల దారమును కత్తిరించి, పెట్టెలో ఉంచి వైద్యుని కడకు చేర్చవలెను.

కోలుకొన్న పక్షిని ఏమి చేయవలెను? ఉంచుకొనవలెనన్న ఆశ సహజము. కాని అది ఆ పక్షికి కీడు. గ్రుడ్డునుండి వెలువడగనే తన్ను చూచిన బాతుపిల్లలు తన్నే తల్లిగా భావించి వెంటనడచుటను కొన్రాడ్ లోరెంజ్ 1935లో వివరించెను. 1973లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. మనుష్యునకు అతిగా మచ్చికయైన పక్షి తన జాతిని మరచును, శత్రువును గుర్తింపదు. చట్టమును ఇదే చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరములు.

బొంబాయిలో ఒక బాలుడు గాలితుపాకితో పిచ్చుక నొకదానిని కూల్చెను. దాని గొంతుపై పసుపు మచ్చ చూచి, అది ఏ జాతిదో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు వెళ్లెను. అచటి కార్యదర్శి మిల్లర్డు దాని పేరు చెప్పి, సంఘమందలి పక్షుల నమూనాలన్నిటిని చూపెను. ఆ బాలుడే సలీం ఆలీ. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించినవారు ఆయనయే. 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక పతనమునే పేరుగా నుంచిరి. ఆనాడు మిల్లర్డు బాలుని కసరి పంపియున్నచో ఏమైయుండెడిదో!

వసారాలో పిల్లలు మూగినపుడు ‘తరగతికి పొండు’ అని గద్దించుట ఉపాధ్యాయునకు సులభము. ఆ అరగంట వారితో నిలిచి, ఈకలున్నవా లేవా అని చూపించి, గూడు వెదకించి, తల్లి వచ్చువరకు దూరమున కూర్చుండబెట్టినచో అది జీవశాస్త్ర పాఠమగును. వేసవి వచ్చుచున్నప్పుడు ఆవరణలో చెట్టునీడన ఒక మట్టి మూకుడులో నీరు పోసి, పిట్ట నిలుచుటకు నడుమ ఒక రాయి ఉంచి, దినదినము కడిగి నింపు పని వంతులవారీగా పిల్లల కప్పగింపవచ్చును. ఏ పిట్ట ఎప్పుడు వచ్చినదో వ్రాయుటకు ఒక నోటుపుస్తకము చాలును.