జేబులో పట్టే లాటిన్ శబ్దమంజరి

మనం దినదినం ఎక్కి దిగే బస్సుకు ఆ పేరు ఎట్లా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? లాటిన్ భాషలో 'ఓమ్నిస్' అంటే 'సమస్తం' అని అర్థం. దాని చతుర్థీ బహువచనం 'ఓమ్నిబుస్', అనగా 'అందరి కొరకు'. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో, డబ్బిచ్చిన వారెవరైనా ఎక్కదగిన గుర్రపుబండికి ఈ పేరు పెట్టారు. కాలక్రమాన మాటకు తల పోయి తోక మిగిలింది. అంటే మనం నిత్యం వేలాడుతున్నది ఒక విభక్తి ప్రత్యయాన్ని పట్టుకొని! సంస్కృతంలో 'రామేభ్యః' అన్నప్పుడు చివర వినిపించే 'భ్యః'కు ఈ 'బుస్' దగ్గరి చుట్టమే.

ఆఫీసు గుమాస్తాలకు లాటిన్ అంత దూరపు భాషేమీ కాదు. 'ఎక్స్ అఫీషియో' సభ్యుడు, 'ప్రో రాటా' లెక్క, 'పర్ ఆనమ్' వడ్డీ, 'బోనఫైడ్' సర్టిఫికెట్టు, 'సైనే డై' వాయిదా - ఇవి లేని ఫైలు అరుదు. మనం వీటిని అచ్చుపోసిన ముద్రల వలె వాడుతాం. తరచి చూస్తే ప్రతి దానిలోను ఒక విభక్తి వున్నది. 'పర్' అనే మాట వెనుక ద్వితీయ వస్తుంది; 'ఎక్స్', 'ప్రో', 'సైనే' అనే వాటి వెనుక అబ్లేటివ్ అనే విభక్తి వస్తుంది. ఈ అబ్లేటివ్ ఒక్కటే మన తృతీయ, పంచమి, సప్తమి చేసే పనులలో చాలా భాగం నెత్తిన వేసుకొన్నది. ఈ కుతూహలంతోనే నాబోటి మెట్రిక్యులేషన్ చదువు వాడు, ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుకొనేవాడు, నలభై దాటిన వయసులో లాటిన్ వ్యాకరణం తెరిచాడు.

తెరిచిన తరువాత ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. చదివే వాక్యంలో 'రేగిబుస్' అని కనబడుతుంది. నిఘంటువులో ఆ మాట వుండదు. అక్కడ వున్నది 'రేక్స్, రేగిస్' - రాజు, రాజు యొక్క - అని మాత్రమే. ప్రత్యయం విడదీయడం తెలియనివాడికి నిఘంటువు తాళం వేసిన పెట్టె. లాటిన్‌లో నామవాచకాలు ఐదు తరగతులు, క్రియలు నాలుగు తరగతులు. విభక్తులు ఆరు, ఏడవదైన సప్తమి కొన్ని మాటల్లో మాత్రమే మిగిలింది. ఇవన్నీ వివరించే పెద్ద పుస్తకం బల్ల మీద బాగుంటుంది గాని, నిలబడి చేసే బస్సు ప్రయాణంలో తెరవలేము. ఉద్యోగస్థుడికి చదువు కొరకు దొరికేది ఆ ప్రయాణపు అరగంటే గదా!

ఇందుకే ప్రత్యయాల పట్టికలను మాత్రం కూర్చి, మడత పెట్టే అట్ట మీదనో, అరచేతి పుస్తకంలోనో అచ్చువేసి అమ్ముతారు. మన పిల్లలకు శబ్దమంజరి ఎట్లాగో, లాటిన్ విద్యార్థికి అది అట్లాగు. ఇది నిన్న మొన్నటి ఉపాయం కాదు. నాలుగవ శతాబ్దంలో రోము నగరంలో దొనాతుస్ అనే ఉపాధ్యాయుడు ప్రశ్న-జవాబు రూపంలో ఒక చిన్న వ్యాకరణం వ్రాశాడు. భాషాభాగాలు ఎనిమిదింటినీ కొద్ది పుటలలో ఇమిడ్చాడు. ఐరోపా పిల్లలు సుమారు వెయ్యి సంవత్సరాలు దానితోనే అక్షరాల గట్టు దాటారు. పదిహేనవ శతాబ్దంలో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం నెలకొల్పినప్పుడు, మొదట అచ్చయిన వాటిలో ఆ చిన్న పుస్తకం కూడా వున్నది. ఎన్నోమార్లు అచ్చయినా నేడు చిరిగిన ముక్కలు మాత్రమే దొరుకుతున్నవి. పిల్లల చేతుల్లో అరిగిన ప్రతులను బైండింగు పనివారు ఇతర పుస్తకాల అట్టల్లో దట్టించారట. ఒక పాఠ్యగ్రంథానికి ఇంతకన్న గౌరవం ఏమి కావాలి!

కొనేవారు రెండు సంగతులు గమనించవలె. మొదటిది విభక్తుల వరుస. ఇంగ్లండు బడులలో, కెన్నెడీ పండితుడు 1866లోను, 1888లోను వెలువరించిన పుస్తకాల అలవాటు ప్రకారం, ప్రథమ, సంబోధన, ద్వితీయ, షష్ఠి, చతుర్థి, అబ్లేటివ్ అని చెబుతారు. అమెరికా పుస్తకాలలో ప్రథమ వెనుకనే షష్ఠి, చతుర్థి వచ్చి, ద్వితీయ ఆ తరువాత వస్తుంది. 1956లో వెలువడిన వీలాక్ పుస్తకం ఈ కోవలోనిదే. పాఠం ఒక వరుసలోను, అట్ట మరొక వరుసలోను వుంటే చూపు ప్రతిసారీ తప్పు గడిలో పడుతుంది. రెండవది దీర్ఘాల గుర్తులు. 'రేగిస్' అంటే 'రాజు యొక్క'. 'రెగిస్' అంటే 'నీవు ఏలుచున్నావు'. అచ్చరాల మీద గీత లేకుంటే రాజుకు, ఏలుబడికి తేడా తెలియదు.

ఇక అసలు విషయం. ఈ అట్ట ఊతకర్ర వంటిది. నడక మనదే కావలె. 'ఉమ్' అనే ప్రత్యయం తీసుకోండి. అది ఒక తరగతిలో ద్వితీయా ఏకవచనం, నపుంసకంలో ప్రథమ కూడా, మూడవ తరగతిలో షష్ఠీ బహువచనం. అట్ట మూడు దారులనూ చూపగలదు గాని, ఏ దారి పట్టవలెనో వాక్యమే చెప్పాలి. కనుక మొదట క్రియను పట్టుకొని, కర్త ఎవరో ఊహించి, ఈ మాట ఈ విభక్తి కావచ్చునని మనసులో అనుకొన్న తరువాతనే అట్ట తెరవవలె. ముందు తెరిస్తే కన్ను చదువుతుంది, బుద్ధి నిద్రపోతుంది. ఇప్పుడు సెల్‌ఫోనులో మాట కొట్టగానే విభక్తి, వచనం చెప్పే సాధనాలు వున్నవి. అవి మంచివే, అయితే అడిగిన ఒక్క రూపమే చూపుతవి. అట్ట మీద ఆ రూపం కొరకు వెదికే చూపు దాని అన్నదమ్ములందరినీ పలకరించి వస్తుంది. ఆ పలకరింపులే కొన్నాళ్ళకు జ్ఞాపకంగా నిలుస్తవి.

నేను పాటిస్తున్న పద్ధతి ఒకటి చెబుతాను. అట్ట చూసినప్పుడల్లా ఆ గడి పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెడతాను. ఆదివారం నాడు చుక్కలు ఎక్కువ పడిన గడులను మాత్రమే తెల్లకాగితం మీద చూడకుండా వ్రాసి, పైకి వల్లిస్తాను. మొత్తం పట్టిక ఒక్కసారి బట్టీ పట్టమంటే కొండలాగా కనిపిస్తుంది. వారానికి నాలుగు గడులంటే ఎవరైనా చేయగలరు. సంస్కృత శబ్దాలు కొద్దిగానైనా వల్లించినవారికి మరొక లాభం. నపుంసకలింగంలో ప్రథమ, ద్వితీయ ఒక్కటేననే సూత్రం రెండు భాషలకూ సమానమే. ద్వివచనం బెడద లాటిన్‌లో దాదాపు లేదు.

ఏ భాషకైనా ఇట్టి చిన్న పట్టిక స్వహస్తంతో వ్రాసుకొన్నది మరీ మేలు. వ్రాసేటప్పుడే సగం వస్తుంది; మిగతా సగం చుక్కలు పెట్టేటప్పుడు వస్తుంది. జేబులోని కాగితం మడతల దగ్గర చిరిగే నాటికి దాని అవసరం చాలావరకు తీరిపోవలె. అది చిరగకుండా కొత్తగానే వున్నదంటే చదువు సాగలేదన్నమాట; చిరిగిన తరువాత కూడా అది లేకుండా ఒక వాక్యం కదలకపోతే చదివిన తీరు సరికాదన్నమాట. కాలేజీ మెట్లెక్కని నావంటి వారికి, వయసు మీరిందని వెనుకాడేవారికి, ఈ కాగితపు ముక్క చెప్పేది ఒక్కటే: చదువుకు బల్ల, గది, తీరుబడి వుంటే సంతోషం, లేకపోయినా ఒక జేబు చాలును.