మెదక్ దుమ్ము.. టర్బో దమ్ము!

ఏప్రిల్, మే నెలల్లో మెదక్ చుట్టుపక్కల ఏ రోడ్డెక్కినా యాసంగి కోతల సందడే. పొలాల్లో వరికోత మిషన్లు, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, కొనుగోలు కేంద్రాల ముందు బారులు తీరిన ట్రాక్టర్లు. ఆ దుమ్ములోనే ఇప్పుడు టర్బో కార్లూ తిరుగుతున్నాయి. 150, 200 హార్స్‌పవర్ బండ్లు షోరూం నుంచే వస్తున్నాయి. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, అంటే రీమ్యాప్ చేయించి 300 దాకా లాగాలని ముచ్చటపడే కుర్రాళ్లూ ఉన్నారు. అలాంటి కారుకు ఎయిర్ ఫిల్టర్ ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సిన విశేషాలివి.

లీటరు పెట్రోలుకు 9 వేల లీటర్ల గాలి

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు 9 వేల లీటర్ల పైచిలుకు గాలి పడుతుంది. 300 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి జోరు మీద ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 వేల లీటర్లు లాగేస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి పీల్చేది నిమిషానికి 6 నుంచి 8 లీటర్లే. అంటే ఆ ఒక్క కారు దాదాపు 1,500 మంది పీల్చే గాలిని ఒంటరిగా పీలుస్తుందన్నమాట. గాలితో పాటు దుమ్మునూ అదే లెక్కన పీలుస్తుంది.

120 ఏళ్ల నాటి ఆలోచన

వృథాగా పోయే పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, దాని బలంతో ఇంజిన్‌లోకి అదనపు గాలిని తోయొచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ముందుగా ఓడలకు, రైలింజన్లకు, విమానాలకు పనికొచ్చిన ఈ టర్బో, 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ మోడళ్లతో మామూలు కార్లలోకి వచ్చింది. నేటి చిన్న టర్బోలు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో గాలిని తోసే చక్రం సాధారణంగా అల్యూమినియంతో చేసిందే. ఇసుక రేణువులు తగిలితే దాని రెక్కల అంచులు అరిగిపోతాయి.

కంటికి కనిపించని దుమ్మే శత్రువు

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజిన్‌ను ఎక్కువగా అరగదీసే రేణువుల సైజు 5 నుంచి 20 మైక్రాన్లు. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే పలుచని ఆయిల్ పొరలో ఇవి సరిగ్గా ఇరుక్కుని, రెండు వైపులా గీస్తూ పోతాయి. పెద్ద ఇసుక రేణువును ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ఈ సన్నదాన్ని ఆపగలిగేదే మంచి ఫిల్టరు.

రాతి నేల, వరి పొట్టు

మెదక్ నేల గ్రానైట్ రాళ్ల నేల. ఆ రాయి శిథిలమైతే మిగిలే క్వార్ట్జ్ గట్టిదనంలో మోహ్స్ కొలమానంపై 7. అల్యూమినియం 3కు లోపే, మామూలు ఇనుము 4 దగ్గర. మొరం రోడ్డు మీద లేచే దుమ్ములో ఉండేది ఈ క్వార్ట్జే. వరిదీ అలాంటి కథే. ఊకను కాలిస్తే బరువులో సుమారు ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం క్వార్ట్జ్‌లో ఉండే సిలికానే. కోతల కాలంలో గాలిలో తేలే పొట్టు, నూగు ముందు ఫిల్టరు ముఖాన్ని మూసేస్తాయి. రేడియేటర్ సందుల్లో, టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ సందుల్లో కూడా చేరతాయి.

99కీ 97కీ తేడా మూడు రెట్లు

ఫిల్టర్ పెట్టెల మీద 99 శాతం, 97 శాతం అని కనిపిస్తే తేడా రెండే అనిపిస్తుంది. అసలు చూడాల్సింది ఫిల్టరు దాటిపోయే దుమ్మును. ఘనపు మీటరు గాలిలో 1 మిల్లీగ్రాము దుమ్ము ఉందనుకుందాం. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే కారు 10 వేల కిలోమీటర్లు తిరిగేసరికి సుమారు 9 గ్రాముల దుమ్ము ఫిల్టరు ముందుకొస్తుంది. 99 శాతం ఆపే ఫిల్టరు దాటేది 90 మిల్లీగ్రాములు, 97 శాతం ఆపేది దాటనిచ్చేది 270 మిల్లీగ్రాములు. కోత మిషన్ వెనకాల నడిస్తే ఈ అంకెలన్నీ ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించేందుకు ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎంత దుమ్ము ఆపింది, ఎంత దుమ్ము పట్టింది, గాలికి ఎంత అడ్డుపడింది అనే మూడూ అందులో కొలుస్తారు. ఆ పరీక్ష ఫలితం చూపని కంపెనీ చెప్పే హార్స్‌పవర్ లెక్కలకు తొందరపడి డబ్బు పెట్టకండి.

కాగితం చేసే అద్భుతం

కంపెనీ ఇచ్చే కాగితం ఫిల్టరును చులకనగా చూస్తారు గానీ, అది ఉత్త జల్లెడ కాదు. రంధ్రం కన్నా చిన్న రేణువులు కూడా పోగులకు ఢీకొని అంటుకుపోతాయి. మరీ సన్నవి అటూ ఇటూ చలిస్తూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి. పైగా కొంత దుమ్ము పేరుకున్నాక ఆ పొరే అదనపు ఫిల్టరుగా పనిచేస్తుంది. కొత్త ఫిల్టరు కన్నా కాస్త వాడిన ఫిల్టరే దుమ్మును బాగా ఆపుతుంది. అందుకే వారానికోసారి పంక్చర్ షాపులో గాలి కొట్టించడం మేలు చేయదు. ఎక్కువ ప్రెషర్‌కు కాగితం చిరిగే ప్రమాదం కూడా ఉంది.

నూనె పూసిన నూలు ఫిల్టర్లు

అమెరికాలో 1969లో మొదలైన కె అండ్ ఎన్ కంపెనీ నూనె పూసిన నూలు ఫిల్టర్లకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలి సులువుగా పోతుంది. అయితే నూనె పాళ్లు కుదరాలి. తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే ఆ తుంపర గాలిని కొలిచే సెన్సర్ సన్నతీగ మీద పేరుకుని రీడింగు తప్పుతుంది. దుమ్ము తక్కువున్న చోట, శ్రద్ధగా చూసుకునేవారి చేతిలో ఇది మంచి వస్తువే. కోతల సీజన్లో రోజూ పల్లెదారుల్లో తిరిగే కారుకు మాత్రం కాగితమే నయం.

ముందు 5 పోతే వెనక 10

టర్బో తన ముందున్న గాలి ఒత్తిడిని రెట్టింపు చేస్తోందనుకోండి. మూసుకుపోయిన ఫిల్టరు వల్ల టర్బో ముందు 5 కిలోపాస్కళ్ల ఒత్తిడి తగ్గితే, టర్బో వెనక 10 తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, ఇంకా వేడెక్కాలి. ముందు వైపు పీల్చే బలం మరీ పెరిగితే టర్బో సీల్ దాటి ఆయిల్ కూడా గాలి పైపులోకి రావచ్చు. పికప్ తగ్గి, పైపులో నూనె తడి కనిపిస్తే టర్బో పోయిందని కంగారుపడే ముందు ఫిల్టరు పెట్టె తెరిచి చూడండి.

వైశాల్యమే అసలు రహస్యం

గాలి సులువుగా రావాలంటే రంధ్రాలు పెద్దవి చేయక్కర్లేదు, ఫిల్టరు పెద్దదైతే చాలు. మడతల వైశాల్యం రెట్టింపయితే ఒక్కో చోట గాలి వేగం సగానికి తగ్గుతుంది, అడ్డంకీ తగ్గుతుంది. దుమ్ము ఆపే గుణం చెడకుండానే పవర్ దక్కుతుంది. 300 హార్స్‌పవర్ కోరుకునేవారు పెద్ద పెట్టె, పెద్ద కాగితం ఫిల్టరు వైపు చూడాలి.

బానెట్ కింద వేడి

మూత లేని కోన్ ఫిల్టరు శబ్దం హుషారుగా ఉంటుంది. కానీ అది పీల్చేది ఇంజిన్ పక్కనున్న వేడి గాలి. 40 డిగ్రీల బయటి గాలికి బదులు 70 డిగ్రీల గాలి లోపలికి పోతే సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. ఇంటర్‌కూలర్ కొంత చల్లబరిచినా, టర్బోకు శ్రమ పెరిగినట్టే. మూసిన పెట్టె, బయటి గాలిని తెచ్చే పైపు ఉన్న ఏర్పాటే మన ఎండలకు సరిపోతుంది.

స్పిట్‌ఫైర్ నేర్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్లినప్పుడు ముక్కు కింద పెద్ద వోక్స్ ఫిల్టరు తగిలించారు. వేగం తగ్గింది. ఆ నష్టం తగ్గించేందుకు ఈజిప్టులోని అబూకిర్‌లో అంతకన్నా చిన్న ఫిల్టరు తయారుచేసుకున్నారు. అంతేగానీ, ఫిల్టరు లేకుండా ఎగరడానికి సిద్ధపడలేదు. ప్రాణాల మీదికొచ్చే పోరులో సైతం వేగం కోసం ఇంజిన్‌ను ఇసుకకు వదిలేయలేదు.

పొలంలోనే ఉంది గురువు

ట్రాక్టరు బానెట్ మీద నిలబడిన గొట్టాన్ని, దాని తలమీది ప్రీక్లీనరును గమనించండి. గాలిని సుడి తిప్పి బరువైన దుమ్మును ముందే విసిరేస్తుంది. నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పీల్చే దుమ్మూ తక్కువే. పాత ట్రాక్టర్లలో ఆయిల్ నింపిన గిన్నె, కొత్తవాటిలో ఒకదానిలో ఒకటిగా రెండు ఫిల్టర్లు ఉంటాయి. దుమ్ములో బతకాల్సిన యంత్రం ఎలా ఉండాలో రైతుకు చెప్పనక్కర్లేదు.

కిందికి దించిన పైపుకు వరద గండం

చల్లగాలి కోసం పైపును బంపర్ కిందికి దించేవారున్నారు. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో రోడ్లను ముంచెత్తిన వానలు గుర్తున్నాయి కదా. అలాంటి నీరు పైపులోంచి సిలిండర్లో చేరితే గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పైపు నోరు హెడ్‌లైట్ ఎత్తులో ఉండాలి.

వేలితో చేసే పరీక్ష

ఎంత ఖరీదైన ఫిల్టరైనా, వెనకాల ఒక క్లాంపు వదులైతే దుమ్ము దొడ్డిదారిన పోతుంది. తెలుసుకునే ఉపాయం తేలికే. ఇంజిన్ చల్లారాక ఫిల్టరుకూ టర్బోకూ మధ్య పైపు విప్పి, లోపలి గోడకు పలుచగా గ్రీజు రాసి బిగించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక తెల్లగుడ్డతో ఆ గ్రీజు తుడిచి, రెండు వేళ్ల మధ్య నలపండి. గరగర తగిలితే ఫిల్టరో, దాని రబ్బరు అంచో, క్లాంపో దుమ్మును వదులుతోందని అర్థం. ల్యాబ్‌లో ఇంజిన్ ఆయిల్ పరీక్ష చేయిస్తే సిలికాన్ పాళ్లు పెరగడమూ ఇదే చెబుతుంది.

మరి మెదక్‌కు ఏది సరి?

వరుస ఇదీ: మొదట దుమ్మును ఆపే శాతం, తర్వాత వైశాల్యం, ఆపైన చల్లగాలి, చివరగా శబ్దం. 200 హార్స్‌పవర్ లోపు కారుకు కంపెనీ పెట్టె, అసలు కాగితం ఫిల్టరు చాలు. దుమ్ము దారుల్లో తిరిగేవారు సర్వీసు పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్చుకోవాలి, కోతలు ముగిశాక తప్పకుండా చూసుకోవాలి. అంతకు మించి పవర్ పెంచేవారు మూసిన పెద్ద పెట్టెకు, అందులో పట్టే పెద్ద ఫిల్టరుకు ముందు డబ్బు కేటాయించి, ఆ తర్వాతే రీమ్యాప్ మాట ఎత్తాలి. పవర్ ఎప్పుడైనా పెంచుకోవచ్చు, గీతలు పడిన సిలిండర్‌ను మళ్లీ కొత్తది చేయాలంటే ఇంజిన్ విప్పాల్సిందే.