సాఫ్ట్‌వేర్ పరీక్షల నిర్వహణ, బగ్ నమోదు ఉపకరణాల ఎంపిక: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్ పరీక్షలను నిర్వహించడానికీ, వాటిలో బయటపడిన బగ్‌లను నమోదు చేయడానికీ అనేక ఉపకరణాలు అందుబాటులో ఉన్నాయి. వాటిని సాధారణంగా సదుపాయాల పట్టికతో పోల్చి ఎంచుకుంటారు. ఒక బగ్ చరిత్రను మొదటి నుంచి చివరి వరకు తిరిగి చదవగలిగేలా నిలుపుకోవడమే ఎంపికకు ప్రధాన ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పాఠ్యంతో పనిచేసే ప్రాజెక్టులకు ఎదురయ్యే ప్రత్యేక సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: సాఫ్ట్‌వేర్ పరీక్ష, బగ్ నమోదు, టెస్ట్ కేస్, బగ్జిల్లా, జిరా, టెస్ట్‌లింక్, యూనికోడ్.

1. ఒక బగ్, దాని నమోదు

2018 ఫిబ్రవరిలో, ఒక తెలుగు అక్షరం తెరపై కనిపిస్తే ఐఫోన్‌లోని అనువర్తనాలు కూలిపోతున్నాయన్న వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. 'జ్ఞా' అనే అక్షరమే దీనికి కారణమని చాలా పత్రికలు రాశాయి. నిజానికి 'జ్ఞానం' అని మామూలుగా రాసినప్పుడు ఏ ఫోనూ కూలిపోలేదు. చిక్కు తెచ్చిపెట్టినది ఐదు యూనికోడ్ సంకేతాల వరుస: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే అదృశ్య సంకేతం, చివర ఆకారపు గుణింతం గుర్తు. బంగ్లా, దేవనాగరి లిపుల్లోని ఇటువంటి కొన్ని వరుసలూ అదే ఫలితాన్నిచ్చాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న విడుదల చేసిన ఐఓఎస్ 11.2.6తో ఈ లోపాన్ని సరిదిద్దింది.

'తెలుగు అక్షరంతో ఫోన్ కూలిపోతోంది' అన్న వాక్యం వార్తకు సరిపోతుంది, బగ్ నమోదుకు సరిపోదు. ఏ వెర్షన్‌లో, ఏ అనువర్తనంలో, ఏ సంకేతాల వరుసతో, ఏ క్రమంలో చేస్తే లోపం మళ్లీ కనిపిస్తుందో ఆ నమోదులో ఉండాలి. ఇక్కడ మరో విచిత్రం కూడా ఉంది. ఆ వరుసను యథాతథంగా నమోదు శీర్షికలో అతికిస్తే, లోపమున్న పరికరంలో దాన్ని చదవబోయిన డెవలపర్ తెరే కూలిపోయే అవకాశం ఉంది. కనుక సంకేతాలను సంఖ్యల రూపంలో రాసి, అసలు పాఠ్యాన్ని విడి ఫైలుగా జతచేయగలగాలి. ఫైలు జతచేసే చిన్న సదుపాయానికి ఇటువంటి సందర్భాలలోనే విలువ తెలుస్తుంది.

2. రెండు పనులు

పరీక్షల నిర్వహణ, బగ్ నమోదు తరచుగా ఒకే ఊపిరిలో వినిపించే మాటలే అయినా అవి వేర్వేరు పనులు. మొదటిది 'ఏమి పరీక్షించాలి, ఏ బిల్డ్‌పై పరీక్షించాము, ఫలితం ఏమిటి' అన్న ప్రశ్నలకు సమాధానం చెబుతుంది. రెండవది 'ఏ లోపం బయటపడింది, ఎవరి చేతిలో ఉంది, ఏ దశకు చేరింది' అన్నది చెబుతుంది. టెస్ట్ కేస్ మళ్లీ మళ్లీ నడుస్తుంది. బగ్ మూసివేతతో సాధారణంగా దాని కథ ముగుస్తుంది.

1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం రూపొందిన బగ్జిల్లా, పీహెచ్‌పీ భాషలో రాసిన మాంటిస్ ప్రధానంగా రెండవ పనికి ఉద్దేశించినవి. 2002లో అట్లాసియన్ సంస్థ విడుదల చేసిన జిరా కూడా ఆ కోవలోనిదే. బగ్జిల్లా పేరు గాడ్జిల్లాను గుర్తు చేస్తుంది కాబట్టి, ఆ రాక్షసి జపనీస్ పేరైన 'గోజిరా' నుంచి దీని పేరు పుట్టింది. జిరాలో టెస్ట్ కేసులను నిర్వహించాలంటే సాధారణంగా ఎక్స్‌రే, జెఫిర్ వంటి అనుబంధాలను చేర్చుకుంటారు. టెస్ట్‌లింక్ మొదటి పనికి చెందినది. అందులో రిక్వైర్‌మెంట్‌ను టెస్ట్ కేస్‌తో, విఫలమైన పరీక్షను బయటి ఉపకరణంలోని బగ్ సంఖ్యతో ముడిపెట్టవచ్చు.

ఈ ముడే కీలకం. పై ఉదాహరణలో లోపం సరిదిద్దిన తర్వాత ఆ సంకేతాల వరుస శాశ్వతంగా ఒక టెస్ట్ కేస్ కావాలి. తర్వాతి వెర్షన్లలో ఎవరైనా 'ఈ వింత పరీక్ష ఎందుకు?' అని తొలగించబోతే, దాని వెనుక ఉన్న బగ్ సంఖ్య సమాధానం చెప్పాలి. ముగ్గురు విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో పూర్తిచేసే ప్రాజెక్టుకు ఇందుకోసం ప్రత్యేక ఉపకరణం అక్కరలేదు. పరీక్షలకు ఒక స్ప్రెడ్‌షీట్, బగ్‌లకు గిట్‌హబ్ ఇష్యూస్ చాలు.

3. గడులు, దశలు

ఉపకరణం కొత్తగా అమర్చినప్పుడు నమోదు పత్రంలో వీలైనన్ని గడులను తప్పనిసరి చేయాలన్న ఉత్సాహం సహజం. ఫలితం మాత్రం తలకిందులవుతుంది. గడి నింపనిదే ముందుకు పోనివ్వకపోతే, టెస్టర్ చేతికి అందిన మొదటి విలువను ఎంచుకుని బయటపడతాడు. అపాచీ, ఎక్లిప్స్, మొజిల్లా ప్రాజెక్టుల డెవలపర్లనూ, బగ్‌లను నివేదించేవారినీ ప్రశ్నించి బెటెన్‌బర్గ్ తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో గమనార్హం. లోపాన్ని తిరిగి రప్పించే అంచెలు డెవలపర్లకు అత్యంత ఉపయోగకరమని, నివేదించేవారికి అందించడం కష్టమైన వివరాలలోనూ అవి ఉన్నాయని అందులో తేలింది. కాబట్టి అంచెలను రాయడాన్ని సులభం చేసే ఉపకరణమే మేలు. ఇరవై గడులున్న పత్రం ఆ పనిని వెనక్కి నెడుతుంది.

తీవ్రత, ప్రాధాన్యం అనే రెండు గడులు మాత్రం విడివిడిగా ఉండి తీరాలి. పరీక్ష హాల్‌టికెట్‌పై విద్యార్థి పేరులో ఒక ఒత్తు జారిపోతే సాంకేతికంగా తీవ్రత స్వల్పం. పరీక్ష రేపే అయితే ప్రాధాన్యం అత్యధికం. మొదటి విలువను టెస్టర్, రెండవదాన్ని ప్రాజెక్టు బాధ్యుడు నిర్ణయించడం సబబు. అలాగే బగ్జిల్లా స్థితిని, పరిష్కారాన్ని వేరుగా చూపడం మంచి పద్ధతి. 'ముగిసింది' అన్న ఒక్క మాట చాలదు. సరిదిద్దారా, మరో నమోదుకు నకలని తేల్చారా, తమ వద్ద లోపం కనిపించలేదన్నారా, సరిదిద్దబోమన్నారా అన్నది కూడా మిగలాలి.

ఈ గడుల ప్రభావం ప్రాజెక్టు గడప దాటుతుంది. బగ్ నమోదులను దత్తాంశంగా తీసుకునే పరిశోధకులు చాలామంది. హెర్జిగ్, జస్ట్, జెల్లర్ 2013లో ఐదు జావా ప్రాజెక్టులకు చెందిన 7,000కు పైగా నమోదులను స్వయంగా చదివి, బగ్‌లుగా గుర్తించినవాటిలో 33.8 శాతం అసలు బగ్‌లే కావని తేల్చారు. వాటిలో కొన్ని కొత్త సదుపాయాల కోసం చేసిన అభ్యర్థనలు, మరికొన్ని వివరణ పత్రాలకు సంబంధించినవి. ఉపకరణంలో 'రకం' అనే గడి ఉంది, దాన్ని సరిగా నింపే తీరిక ఎవరికీ లేదు. అటువంటి దత్తాంశంపై నిర్మించిన అంచనా నమూనా ఎంత గొప్ప గణితం వాడినా పునాది వంకరే.

4. ఉపకరణం మారినప్పుడు

మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థ తయారుచేసిన టెస్ట్‌డైరెక్టర్ తర్వాత క్వాలిటీ సెంటర్ అయింది. 2006లో హ్యూలెట్-ప్యాకర్డ్ చేతికి, 2017లో మైక్రో ఫోకస్ చేతికి, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వెళ్లింది. జిరాను సొంత సర్వర్‌పై నడిపే 'సర్వర్' రూపానికి అట్లాసియన్ 2024 ఫిబ్రవరిలో మద్దతు ఆపివేసింది. ఉపకరణం యజమానులు, షరతులు, ధరలు మారుతూనే ఉంటాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులూ ఇందుకు మినహాయింపు కావు. పైథాన్ ప్రాజెక్టు 2022 ఏప్రిల్‌లో తన పాత బగ్ వేదిక నుంచి గిట్‌హబ్‌కు మారింది. అక్కడ నమోదులకు కొత్త సంఖ్యలు వచ్చాయి. పాత కమిట్ సందేశాలలో మాత్రం పాత సంఖ్యలే ఉన్నాయి. పాత వేదికను చదవడానికి వీలుగా నిలిపి ఉంచకపోతే ఆ సంఖ్యలన్నీ గాలిలో వేలాడేవి.

అందువల్ల 'ఇందులోకి ఏమి ఎక్కించవచ్చు' అనే ప్రశ్న కంటే 'ఇందులోనుంచి ఏమి బయటకు తీయవచ్చు' అనేదే ముందు అడగవలసినది. సీఎస్‌వీ ఫైలుగా జాబితా ఇవ్వడం దాదాపు అన్ని ఉపకరణాలూ చేస్తాయి. వ్యాఖ్యలు, జతచేసిన ఫైళ్లు, ఎవరు ఏ రోజున ఏ విలువను మార్చారన్న చరిత్ర, టెస్ట్ కేస్‌తో ముడి ఇవన్నీ బయటకు వస్తాయా అన్నది వేరే సంగతి. చరిత్రే రాకపోతే మిగిలేది చివరి దృశ్యం మాత్రమే.

5. తెలుగు పాఠ్యం

తెలుగు అనువర్తనాలను పరీక్షించేవారు తెలుగులోనే నమోదు చేయడం సహజం. అప్పుడు వెతుకులాట దగ్గర చిక్కు వస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటనే తీసుకుంటే, కొందరు 'ట్' తర్వాత అదృశ్య నాన్-జాయినర్‌ను ఉంచి రాస్తారు, మరికొందరు 'సాఫ్ట్వేర్' అంటారు. సంకేతాలను ఉన్నదున్నట్టు పోల్చే ఉపకరణానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జోడింపుగానూ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు. యూనికోడ్ సాధారణీకరణ ఈ రెండింటినీ ఒకటి చేస్తుంది గాని నాన్-జాయినర్‌ను తొలగించదు. ఇలా వెతుకులాటలో దొరకని పాత బగ్ కొత్త సంఖ్యతో మళ్లీ నమోదవుతుంది.

మైఎస్‌క్యూఎల్ పాత 'యుటిఎఫ్8' అమరిక ఒక సంకేతానికి మూడు బైట్లకు మించి ఇవ్వదు. తెలుగు సంకేతాలకు మూడు బైట్లే కావాలి కనుక అవి నిలుస్తాయి. ఎమోజీకి నాలుగు కావాలి. పాత అమరికతో నడుస్తున్న సర్వర్లలో, వినియోగదారు పంపిన ఫిర్యాదు ఎమోజీ దగ్గర తెగిపోయిన సందర్భం కనిపిస్తే తప్పు ఆ వినియోగదారుది కాదు.

ఎంపికకు ముందు, ఇప్పటికే ముగిసిన ఒక నిజమైన బగ్‌ను తీసుకుని పరిశీలనలో ఉన్న ప్రతి ఉపకరణంలోనూ మొదటి నుంచి నడిపించి చూడటం మేలు. తెలుగు శీర్షికతో నమోదు చేసి, నాన్-జాయినర్ ఉన్న రూపంతోనూ లేని రూపంతోనూ వెతకాలి. దాన్ని ఒక టెస్ట్ కేస్‌తో ముడిపెట్టి, మూసివేసి, మళ్లీ తెరవాలి. చివరకు మొత్తం బయటకు తీసి, ఆ ప్రాజెక్టుతో సంబంధంలేని ఒకరికి ఇచ్చి, ఆ బగ్‌కు ఏమి జరిగిందో చెప్పమనాలి. ఈ పనికి ఒక్కో ఉపకరణంపై ఒక పూట పడుతుంది.