బస్సుకి టికెట్టుంది, బొమ్మకి లేదు

2025 ఫిబ్రవరిలో 'తండేల్' థియేటర్లలో ఆడుతుండగానే, పలాస నుంచి విజయవాడ వెళ్తున్న ఆర్టీసీ బస్సులో దాని దొంగ ప్రింటు వేశారు. పాకిస్తాన్ చెరలో చిక్కిన శ్రీకాకుళం జాలర్ల కథ అది. శ్రీకాకుళం జిల్లా నుంచి బయల్దేరిన బస్సులోనే దానికి ఈ గతి పట్టింది. నిర్మాత బన్నీ వాసు గగ్గోలు పెట్టాక సంస్థ విచారణకు ఆదేశించింది.

ఆ బస్సులో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చోవాలా? అక్కర్లేదు, తప్పు వేసినవాళ్లది. ఇంట్లో ఫోన్ పట్టుకుని, అడ్డొచ్చిన యాడ్లన్నీ మూసేసి, ప్రింటు బాగుందో లేదో చూసుకుని మరీ నొక్కేవారికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

వాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: టికెట్ రేట్లు. కోపం అబద్ధమేమీ కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్‌కి మామూలు రేటు మీద మరో 800 రూపాయలు తీసుకోవచ్చని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతిచ్చాయి. నలుగురున్న ఇంటికి పైభారమే 3,200. పాప్‌కార్న్ సంగతి ఎత్తకపోవడమే మంచిది.

అయితే అదే సినిమా 56 రోజులకి నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. 'తండేల్' నాలుగు వారాలకే వచ్చేసింది. చందా కట్టాలి, నిజమే. కానీ అది నెలంతటికీ, ఇంటిల్లిపాదికీ. మొదటివారంలో దొంగ ప్రింటు వెతికేవారికి డబ్బు మిగలడం ఒక్కటే కాదు, ఆగలేకపోవడం కూడా ఉంది. ప్రీమియర్ షోలో 800కి అమ్మేదీ ఆ ఆత్రాన్నే. హాలువాడు దానికి రేటు కట్టాడు, సైటువాడు ఊరికే ఇస్తానంటాడు.

ఊరికే ఎందుకిస్తాడు? పైరసీ సైటు ఐబొమ్మను నడిపాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో కొందరు అతన్ని రాబిన్‌హుడ్‌ని చేశారు. ఆ సైటుకొచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించేవారని పోలీసులు చెప్పింది మాత్రం ఆ సందట్లో ఎవరికీ పట్టలేదు.

చట్టం మాత్రం దీన్ని ఊరికే వదలదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమాను దొంగచాటుగా రికార్డు చేసినా, ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు అంటుంది. జరిమానా 3 లక్షలకు తగ్గదు; నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లొచ్చు.

పైరసీతో నష్టమేం లేదనేవాళ్లు 'అత్తారింటికి దారేది'ని సాక్ష్యానికి పిలుస్తారు. 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే గంటన్నర సినిమా బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు దొరికాయి. విడుదలను ముందుకు జరిపి 27నే వదిలారు. సగం కథ బజార్లో పడ్డా జనం హాళ్లు నింపి సినిమాను పెద్ద హిట్ చేశారు. అది పవన్ కల్యాణ్ సినిమా మరి. కొత్త ముఖాలతో వచ్చే సినిమాకి శని, ఆదివారాల్లో సీట్లు నిండకపోతే సోమవారం ఉదయానికి షోలు తగ్గిపోతాయి.