ఒంట్లో ఇనప్పెట్టె

ల్యాబులో చేరిన రెండో నెలలోనే ఒక మనిషిని కాగితం మీద చంపేశాను. పొటాషియం 14, కాల్షియం 3. రిపోర్టు చూసి డాక్టరుగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఈ లెక్కన ఈయన పొద్దున్నే పోయుండాలి. నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు."

తప్పు నాదే. ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువ పడిందని, ఊదా మూత ట్యూబులోంచి కాస్త ఒంపేశాను. ఊదా ట్యూబు లోపల ఈడీటీఏ అనే మందు పూసి ఉంటుంది, పొటాషియం ఉప్పు రూపంలో. అది కాల్షియాన్ని పీత డెక్కలతో పట్టినట్టు పట్టేస్తుంది. కాల్షియం దొరక్కపోతే రక్తం గడ్డకట్టదు. కణాలు లెక్కపెట్టే పరీక్షకి కావలసింది అదే. కాల్షియం పరీక్షకి మాత్రం కొంప మునిగినట్టే.

మా సీనియరు తిట్టాల్సినంత తిట్టి, అదే రిపోర్టులో ఇంకో గీత చూపించారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా అడుగంటిపోయింది. అదొక ఎంజైము, అంటే ప్రొటీనే. దాని పొట్టలో జింకు, మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. ఇక్కడ అయాన్ అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న లోహపు పరమాణువు. ఈడీటీఏ వాటినీ లాగేసింది. "ప్రొటీను ఎక్కడికీ పోలేదమ్మా, ట్యూబులోనే ఉంది. దాని చేతిలో పనిముట్టు లాగేసుకున్నావు, అంతే" అన్నారాయన.

అప్పటిదాకా కాల్షియం, ఐరన్ అంటే రక్తంలో ఉప్పులా కరిగి తిరుగుతాయనుకునేదాన్ని. కరిగినవీ ఉంటాయి. కానీ చాలా లోహాలు ఏదో ఒక ప్రొటీను చెయ్యి పట్టుకునే తిరుగుతాయి. రక్తంలో కాల్షియంలో దాదాపు సగం ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లని అంటుకుని ఉంటుంది. అందుకే ఆల్బుమిన్ పడిపోయిన లివరు రోగికి కాల్షియం తక్కువ కనిపించినా డాక్టరు వెంటనే కంగారుపడరు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో కొన్నిటికి కాల్షియాన్ని పట్టే కొక్కేలుంటాయి. లివరు ఆ కొక్కేలు తగిలించాలంటే విటమిన్ కె కావాలి. పుట్టిన బిడ్డకి తొడలో పొడిచే ఇంజెక్షన్ ఇందుకే.

అయినా నాకు ఇనుము కథే ఇష్టం, రోజూ కళ్ల ముందు జరిగేది అదే కాబట్టి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. మా కౌంటరు ముందు కూర్చునే వరస చూస్తే ఆ అంకె నాకేం ఆశ్చర్యం కాదు.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి 3, 4 గ్రాములు. ఒక ఇనప మేకు బరువంత. మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఇనుము విడిగా తిరిగితే మాత్రం కుదురుగా ఉండదు, కణాల గోడల్నీ డీఎన్‌ఏనీ పాడుచేసే రసాయనాలు పుట్టిస్తుంది. అందుకే దానికి కాపలా. రక్తంలో మోసేది ట్రాన్స్‌ఫెరిన్, ఒక్కోటి రెండే పరమాణువులు మోస్తుంది. దాచేది ఫెరిటిన్. 24 ముక్కలు అతుక్కుని గుల్ల బంతిలా ఉంటుంది, లోపల 4500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. 1937లో లాఫ్‌బెర్గర్ అనే చెక్ శాస్త్రవేత్త గుర్రం ప్లీహంలోంచి దీన్ని వేరుచేశాడు. మన తాతల ఇనప్పెట్టెకి ఇనుము బయట, డబ్బు లోపల. దీనికి ఇనుమే డబ్బు.

మా పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. "పిన్నీ, హిమోగ్లోబిన్ 12.2 ఉందిగా, మరి ఈ నీరసమేంటి?" అంది. ఫెరిటిన్ చేసి చూస్తే 8. పెట్టె ఊడ్చుకుపోయాకే జేబులో డబ్బు తగ్గేది. జేబు మాత్రమే చూసి బాగుందనుకున్నాం.

దీనికి ఎదురు కథ కోవిడ్‌లో చూశాను. ఫెరిటిన్ 900 వచ్చిన ఒకాయన "ఐరన్ దండిగా ఉందన్నమాట" అని సంబరపడ్డాడు. కాదు బాబూ. సూక్ష్మక్రిములు బతకాలన్నా ఇనుము కావాలి. ఒంట్లో మంట రేగితే లివరు హెప్సిడిన్ అనే హార్మోను వదిలి ఇనుము బయటికొచ్చే దారులు మూసేస్తుంది. ఫెరిటిన్ కూడా పెరుగుతుంది. దొంగలున్నారని తెలిసి ఇంటికి తాళం వేసినట్టే తప్ప ఆస్తి పెరిగినట్టు కాదు.

ఈ తాళం గుట్టు కోడిగుడ్డు దగ్గర బయటపడింది. 1944లో షేడ్, కారోలిన్ అనే ఇద్దరు పచ్చి తెల్లసొన కలిపితే జిగట విరేచనాల క్రిమి పెరగడం లేదని గమనించారు. అందులో ఇనుము కలిపారు, మళ్లీ పెరిగింది. తెల్లసొనలో ఇనుమును పట్టేసే ప్రొటీను ఉందన్నమాట. రెండేళ్లకి మనిషి రక్తంలోనూ అలాంటిదాన్ని వాళ్లే చూపించారు. మన ట్రాన్స్‌ఫెరిన్ అదే. తల్లి ముర్రుపాలలో దండిగా ఉండే లాక్టోఫెరిన్ కూడా ఈ కుటుంబమే.

ఇన్ని ప్రొటీన్లలో నాకు కంటితో కనిపించేది ఒకటుంది. గర్భిణులదో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లదో రక్తం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, పైకి తేలిన సీరం ఒక్కోసారి లేతాకుపచ్చగా ఉంటుంది. సెరులోప్లాస్మిన్ ఎక్కువైందన్నమాట. ఆరు రాగి పరమాణువులు పట్టుకుని ఉండటంవల్ల దానిది నీలం రంగు, పసుపు సీరంతో కలిసి పచ్చబడుతుంది. ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ పట్టుకునేలా తయారు చేసేదీ ఇదే. కొత్తగా చేరిన పిల్లలు శాంపిల్ పాడైందని కంగారుగా పారబోయబోతారు. నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతుర్లో ఒక్కసారి తిప్పి చూసుకుని మెషీన్లో పెడతాను.