తాగుడు ఒక్కసారిగా మాన్పిస్తున్నారా? ముందు ఈ విషయాలు తెలుసుకోండి

మీ ఇంట్లో ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఉన్నారనుకోండి. పండక్కో, మాల వేసుకున్న రోజో 'ఇక ముట్టను' అన్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. మర్నాటికే చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ కేకలు వేస్తున్నారు. గాలి సోకిందని ఒకరు, పిచ్చి పట్టిందని ఇంకొకరు అంటారు. అసలు కారణం మద్యం ఒక్కసారిగా ఆగిపోవడమే.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి లక్షణాలతోనే జనం వరస కట్టారు.

మానేస్తే ఎందుకిలా అవుతుంది?

మద్యం మెదడు పనిని నెమ్మదింపజేస్తుంది. రోజూ తాగేవారి మెదడు దాన్ని తట్టుకోవడానికి ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉద్రేకంలో ఉండటానికి అలవాటు పడుతుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకాన్ని అదుపు చేసేది ఉండదు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ముప్పు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి జ్వరం, తికమక, లేనివి కనిపించడం మొదలవుతాయి. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

అందరికీ ఇంత తీవ్రంగా రాదు. పొద్దున్నే తాగితే తప్ప వణుకు తగ్గనివారు, గతంలో ఇలా ఫిట్స్ వచ్చినవారు, వయసు మళ్లినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్‌ను కలవకుండా మానే ప్రయత్నం చేయకూడదు.

ఇంట్లో చేయకూడని పనులు

- గదిలో పెట్టి తాళం వేయొద్దు. ఫిట్స్ వస్తే చూసేవారు ఉండరు.
- వీధి చివర డాక్టర్‌తో గ్లూకోజ్ సెలైన్ ఒక్కటే పెట్టించి ఊరుకోవద్దు. ఎక్కువగా తాగేవారిలో విటమిన్ బీ1 లోపం ఉంటుంది. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.
- మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేయొద్దు. వాటికీ అలవాటు పడతారు.
- తాగుడు మాన్పించే మందంటూ అన్నంలోనో మజ్జిగలోనో తెలియకుండా కలపొద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ సంగతి తెలియక తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి ప్రాణాల మీదకు రావచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

చికిత్స రెండు దశల్లో సాగుతుంది. మొదటిది ఒంట్లోంచి మద్యాన్ని సురక్షితంగా తప్పించడం. దీనికి సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి మోతాదు రోజురోజుకూ తగ్గిస్తారు. బీ1 ఇస్తారు.

చాలా కుటుంబాలు ఇక్కడితో అయిపోయిందనుకుంటాయి. అసలు చికిత్స రెండో దశ. తాగాలనే కోరిక తగ్గించే మందులు, కౌన్సెలింగ్, ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి బృందాల సమావేశాలు నెలల తరబడి సాగాలి. మధ్యలో మళ్లీ తాగితే చికిత్స వృథా అయినట్టు కాదు. షుగర్ పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే మళ్లీ వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి?

వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోవచ్చు. ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేక ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. కేంద్ర నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏది ఉందో 14446కు ఫోన్ చేసి అడగండి. మత్తు సమస్యలకు ఇది జాతీయ హెల్ప్‌లైన్. 14416కు చేస్తే టెలీ మానస్ కౌన్సెలర్లు ఏ వేళలోనైనా మాట్లాడతారు. ఫిట్స్, తికమక కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా 108కి చేయండి.

ప్రైవేటు కేంద్రంలో చేర్చే ముందు

మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. అందువల్ల వీటికి చికిత్స చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగండి. డాక్టర్ ఏయే వేళల్లో ఉంటారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, మీరు ఎప్పుడు వచ్చి కలవొచ్చు అనేవి కూడా తెలుసుకోండి. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. తాగుతున్నారన్న ఒక్క కారణంతో బలవంతంగా వ్యానెక్కించి నెలల పాటు బంధించడం కుదరదు. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే నిపుణుల పరీక్ష వంటి షరతులున్నాయి. అదీ మొదట 30 రోజులకు మించకూడదు.

గంజాయి అలవాటైతే కేసు పెడతారా?

పిల్లాడు గంజాయి తాగుతున్నాడని తెలిసినా, కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లనివారున్నారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ఇలాంటివారి కోసమే ఉంది. వాడకం లేదా చిన్న మోతాదుకు సంబంధించిన కేసు ఉన్నా, తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స పూర్తి చేయకపోతే మాత్రం ఆ రక్షణ రద్దు కావచ్చు. అమ్మకం కేసులకు ఇది వర్తించదు.

ఎంతమందికి చికిత్స అందుతోంది?

కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మీ ఇంట్లోవారు ఈసారి 'మానేస్తా' అంటే, ఒట్టు వేయించుకోవడంతో ఆగకండి. పాత చీటీలు, వాడుతున్న మందులు, చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారన్న వివరాలతో ఓపీకి వెంట వెళ్లండి. ఆ వివరాలను బట్టే ఇంటి దగ్గర మానొచ్చో, ఆసుపత్రిలో చేరాలో డాక్టర్ చెబుతారు.